రష్యా చెక్కల కౌంటరు

ఆ చెక్కలు మా ఇంటికి వచ్చినప్పుడు నేను పెరట్లో వడియాలు పెడుతున్నాను. మే నెల మొదలు. తొంభై ఆరో సంవత్సరం. అప్పుడు మేం భిలాయి స్టీలుప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. సెక్టర్ సిక్స్‌లో మా క్వార్టరు వరసకి చివరిది కావడంతో పెరడు కాస్త పెద్దది. వెనక సందులోంచి ఠేలాబండి ఒకటి మూలుగుతూ వచ్చి మా గేటు దగ్గర ఆగింది. బండి నిండా పాత చెక్కలు. దాని ముందు మా ఆయన, సైకిలు చేత్తో పట్టుకుని నడుస్తూ వస్తున్నారు. ఎండకి మొహం కందిపోయి ఉంది గాని, పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొస్తున్నంత సంబరంగా ఉన్నారు.

"వడియాలు కొంచెం పక్కకి తియ్యి హైమా. ఇయ్యి ఇక్కడే దింపాల" అన్నారు.

ప్లాంటు కట్టేటప్పటి పాత క్యాంపులో షెడ్డు ఒకటి పడగొడితే దుర్గ్‌లో పాతసామాన్ల కబాడీవాడు కొన్నాడట. వాడి దగ్గర్నుంచి ఈయన ఏరి తెచ్చారు. ఆ షెడ్డు గోడలు కట్టింది రష్యా నుంచి మెషీన్లు దిగిన పెట్టెల చెక్కలతో. కొన్నింటి మీద నల్ల రంగుతో రష్యా అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆయన ఒక చెక్క మీద దుమ్ము తుడిచి, పెయ్యదూడ వీపు నిమిరినట్టు నిమిరారు.

దేనికివన్నీ అని అడిగాను. గురునాథరావన్న రిటైర్మెంటుకి కౌంటరు కట్టడానికి అన్నారు. దండలూ బహుమతులూ పెట్టే బల్ల కాబోలనుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా, "మందుకి. ఆరుబయట నిలబడి తాగీడానికి" అన్నారు.

మా ఆయన నరసింగరావు ప్యాటర్న్ షాపులో వడ్రంగి. ప్లాంటులో ఏ ఇనుప భాగం పోతపోయాలన్నా ముందు దాని ఆకారం చెక్కలో చెయ్యాలి. అది ఆయన పని. ఆ పని నేర్పింది గురునాథరావు బావగారు. ఆయన బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి ప్లాంటు కడుతున్న రోజుల్లోనే వచ్చి ఖలాసీగా చేరినవారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. కాని శ్రీకాకుళం నుంచి రేకుపెట్టె పట్టుకుని దిగిన మా ఆయనకి ఈ ఊళ్లో మొదట అన్నం పెట్టిన ఇల్లు వాళ్లది. మొదట గ్లాసు చేతికిచ్చింది కూడా ఆయనే.

రెండేళ్ల కిందట మా ఆయన షాపులోనే రక్తం కక్కుకుని పడిపోయారు. ఆస్పత్రికి మోసుకెళ్లింది గురునాథరావు బావగారే. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి హిందీలో మెల్లగా చెప్పాడు, ఇంకోసారి తాగితే తాను చెయ్యగలిగింది ఏమీ ఉండదని. అప్పటినుంచి ఆయన ముట్టలేదు. ముట్టలేదని అందరూ మెచ్చుకునేవారు. నేను మాత్రం ఒక్కరోజు కూడా పూర్తిగా నమ్మలేదు. డ్యూటీ నుంచి రాగానే ఉతకడానికని చొక్కా అడిగి తీసుకునేదాన్ని. బాత్రూము తలుపు వేసుకుని ముందు వాసన చూసేదాన్ని. ఆయనకి తెలుసు. పోనుపోను అడక్కుండానే విప్పి ఇచ్చేసేవారు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

అలాంటి మనిషి నా పెరట్లో మందు పోసే బల్ల కడతానంటున్నారు.

మా సెక్టర్లో ఏ వేడుక జరిగినా తాగుడు చాటునే ఉండేది. స్కూటర్ డిక్కీల్లో సీసాలు, మురిక్కాలవ పక్కన స్టీలు గ్లాసులు, ఏమీ ఎరగనట్టు కూర్చునే ఆడవాళ్లు. గురునాథరావు బావగారికి ఆ దొంగచాటు గిట్టదు. ఆయన కుర్రతనంలో, కొలిమి ఒకటి మొదటిసారి వెలిగించిన రోజున, రష్యా ఇంజనీర్లు మెషీన్ల పెట్టెలు విప్పి ఆ చెక్కలతోనే ఆరుబయట బల్ల కట్టారట. ఖలాసీ నుంచి ఆఫీసరు దాకా అందర్నీ ఒకే వరసలో నిలబెట్టి పోశారట. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు వెళ్లిపోతూ ఆ పెద్దాయన అలాంటి బల్ల ముచ్చటపడి అడిగారనీ, గురువు మాట కాదనలేక ఈయన ఒప్పుకున్నారనీ అనుకున్నాను.

మర్నాటి నుంచి పని మొదలైంది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, అన్నం తిని, ఎండ గోడ దాటే దాకా ఆగి పెరట్లో కూర్చునేవారు. ముందు మేకులు. తుప్పు పట్టిన మేకులు ఒక్కొక్కటీ లాగి, రాయి మీద కొట్టి తిన్నగా చేసి డబ్బాలో వేసేవారు. తర్వాత చిత్రిక. బూడిదరంగు పొర లేచిపోతే కింద చెక్క పసుపుపచ్చగా బయటపడేది. ఇన్నేళ్లయినా దాని జిగురువాసన పోలేదు. అక్షరాలున్న చెక్కలకి మాత్రం చిత్రిక తగలనివ్వలేదు. అవి ముందు వైపుకి వస్తాయన్నారు. కాళ్లకి పాత రైలు స్లీపర్లు మోయించుకొచ్చారు.

పని చేస్తూ ఈల వేసేవారు. ఆ ఈల విని ఎన్నాళ్లయిందో. ఇంకొకరైతే సంతోషించేవారు. ఆయన హుషారు ఎప్పుడూ ఒక్కదానితోనే వచ్చేది కనుక, ఈల వినబడితే చాలు నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని. ఆయన చేతులు చూసేదాన్ని, కళ్లు చూసేదాన్ని, పక్కనున్న చెంబులో ఏముందో చూసేదాన్ని.

మా అమ్మాయి ఛాయ ఆ ఏడే పన్నెండో క్లాసు రాసింది. భిలాయిలో పుట్టిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. "మమ్మీ, నువ్వు ఖామఖా టెన్షన్ తీసుకుంటావు. పాపా ఖుష్‌గా ఉన్నారు కదా, వదిలెయ్, రహనే దో" అనేది. కాని వాళ్ల నాన్న తాగిన చెంబు కడగడానికి తెచ్చినప్పుడు, అదీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడడం ఒకరోజు నా కంటబడింది. నన్ను చూసి తల దించుకుంది. నాకు అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. దానికి ఆ విద్య నేర్పింది నేనే కదా.

బల్ల లేస్తున్నకొద్దీ చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. షాపు వాళ్లు సైకిళ్లు గోడకి ఆనించి, ఎత్తు సరిపోతుందో లేదోనని మోచేతులు ఆనించి చూసుకునేవారు. అప్పుడే పార్టీ మొదలైపోయినట్టు నవ్వులు. నేను టీ మీద టీ పెట్టి పంపేదాన్ని. టీ ఉన్నంతసేపూ ఇంకోటి రాదని ఆశ. చివరికి ఉండబట్టలేక, ఒక పొద్దున్న ఆయన డ్యూటీకి వెళ్లాక గురునాథరావుగారి ఇంటికి వెళ్లాను.

ఇల్లంతా సగం సర్దిన పెట్టెలు. వాళ్లావిడ అప్పయమ్మక్క ఒక ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఏ గిన్నెలు తీసుకెళ్లాలో ఏవి ఇచ్చేయాలో తేల్చుకోలేక గిన్నెల మధ్య అలాగే ఉండిపోయింది. ఊరికి వెళ్లిపోవాలని తీర్మానించింది ఆయనేనట, ఈవిడని ఎవరూ అడగలేదట. ఆ ఊళ్లో తన ఈడువాళ్లు ఒక్కరూ మిగల్లేదని చెప్పింది. నా గోడు చెప్పుకోవడానికి వెళ్లి ఆవిడది వింటూ కూర్చున్నాను. అంతలో ఆ వారం రెండో షిఫ్టు కావడంతో ఇంట్లోనే ఉన్న బావగారు స్నానం చేసి వచ్చారు.

నేను లేచి నిలబడి అడిగేశాను. "బావగారూ, ఆ బల్ల మాన్పించండి. మీరు చెప్తే ఆయన ఇంటారు. ఇలాటి కోరిక మీరు కోరకుండా ఉండాల్సింది."

ఆయన తువ్వాలు భుజమ్మీద వేసుకున్నారు.

"నాను కోర్లేదమ్మా. ఆడే వొచ్చి అడిగేడు. అన్నా, నీ రిటైర్మెంటుకి కౌంటరు నాను కడతాను, కాదనకు అన్నాడు. నీకెందుకురా ఆ గోల, వొద్దన్నాను. ఇంటేనా?"

ఇంటికి ఎలా నడిచి వచ్చానో తెలీదు. ఎవరో బలవంతపెట్టారంటే వాళ్లతో పోట్లాడవచ్చు. ఆయనకే కావలసి వస్తే నేను ఎవరితో పోట్లాడను? ఆ మధ్యాహ్నం ఆయన బల్ల పైచెక్క కొలుస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను. అబద్ధం చెప్పలేదు, నువ్వే అలా అనుకున్నావు అన్నారు. అది నిజమే. అయితే ఎందుకు కడుతున్నారో ఇప్పుడు చెప్పమన్నాను.

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నారు.

"రెండేళ్లయింది హైమా, నన్ను దేనికీ ఎవులూ పిలవక. పిలిచినా, నానెల్తే గ్లాసులు దాచీస్తారు. మాటలాపీస్తారు. ఒక మూల కుర్చీయేసి నిమ్మసోడా ఇచ్చి, జబ్బుమనిషిని చూసినట్టు చూస్తారు. నా షాపోళ్లే. నాతోటి పని సేసినోళ్లే." ఆయన అరచేత్తో చెక్కని రుద్దుతున్నారు. "కౌంటరంటూ ఉంటే దానికి అటుపక్కా ఇటుపక్కా ఉంటాది. నాను ఇటుపక్క నిలబడి పోస్తాను. అప్పుడు ఆళ్ల మజ్జిన ఉన్నట్టే గదా."

"ఉండలేకపోతే?"

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నాకూ బయ్యంగానే ఉంది" అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. అది విన్నాక నాకు ధైర్యం రావాలి. రాలేదు. అంతవరకూ ఒక్కదాన్నే భయపడుతున్నాను, ఇప్పుడు ఇద్దరం భయపడుతున్నాం, అంతే.

నెలాఖరు దగ్గరపడింది. ఒకరోజు ఆయన డ్యూటీ దిగే వేళ దాటినా రాలేదు. అన్నం చల్లారిపోయింది. ఛాయ సైకిలేసుకుని షాపు వాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగి వచ్చింది, మందు దుకాణం ఉన్న రుఆబాంధా బస్తీ దాకా పోయి చూసి వచ్చింది. వచ్చి గేటు దగ్గర నా పక్కనే నిలబడింది.

సాయంకాలం ఎండ ఎర్రబడ్డాక ఆయన సందు మలుపు తిరిగి వచ్చారు. చంకలో పొట్లం. దగ్గరికి రాగానే గుప్పుమంది వాసన. నేను గేటు పట్టుకున్నాను. ఆయన నా మొహం చూసి ఆగిపోయారు. పొట్లం అక్కడే నేలమీద పెట్టి విప్పారు. లక్క పలుకులు, దూది, స్పిరిటు సీసా. పైచెక్కకి పాలిష్ పెట్టకపోతే ఒలికిందల్లా తాగేస్తుందనీ, దుర్గ్‌లో కొంటుంటే సీసా మూత ఊడి చొక్కా మీద ఒలికిందనీ, బస్సు దొరకలేదనీ వరసగా చెప్పారు. ఛాయ లోపలికి పరిగెత్తింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి లక్కని స్పిరిటులో నానబెట్టి, గుడ్డ ఉండతో ఆ చెక్కని రుద్దడం. ఒక పూత ఆరడం, మళ్లీ రుద్దడం. పెరడంతా అదే వాసన. గదుల్లో అదే. ఆయన చొక్కాల్లో, నా చీరల్లో, చివరికి దిండు గలీబుల్లో కూడా. బాత్రూములో చొక్కా పట్టుకుని నిలబడితే ఏమని తెలుస్తుంది? స్పిరిటు సీసా మీద అంటించిన కాగితంపై, లోపలి మట్టం దగ్గర గోటితో గీత పెట్టాను. పాలిష్‌కి ఎంత పోయిందో తెలియనప్పుడు ఆ గీత మాత్రం ఏం చెప్తుంది? రెండేళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న తాడు తెగిపోయింది. ఇక ఆయన చెప్పింది నమ్మడమో, మానడమో. నాకు రెండూ చేతకాలేదు.

నెలలో ఆఖరి రోజు వచ్చింది. ప్లాంటు గేటు దగ్గర్నుంచి బావగారిని పూలదండలతో, బ్యాండుమేళంతో షాపు వాళ్లు ఊరేగించి తీసుకొచ్చారు. బ్లాకుల వెనక మైదానంలో షామియానా వేశారు. అటు చివర, ఆకాశం కింద, ఆ కౌంటరు. పెరట్లో ఉన్నన్నాళ్లూ దాన్ని సరిగ్గా చూడనేలేదు నేను. స్లీపరు దుంగల మీద గట్టిగా నిలబడి ఉంది. ముందు వైపు ఎవరికీ చదవడం రాని రష్యా అక్షరాలు, పైన తేనెరంగు చెక్క. బావగారు దండలతోనే నేరుగా దాని దగ్గరికి వెళ్లి, రెండు అరచేతులూ దాని మీద పెట్టి కాసేపు తల వంచుకున్నారు.

కౌంటరుకి పోసేవైపు మా ఆయన, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. ఒకరి తర్వాత ఒకరికి పోస్తున్నారు, సోడా కొడుతున్నారు, పేరు పేరునా పలకరిస్తున్నారు. ఆఫీసర్లూ ఖలాసీలూ ఒకే వరసలో ఉన్నారు. ఎవరూ ఆయన్ని చూసి మాటలాపలేదు. మేం ఆడవాళ్లం షామియానా ఈ చివర పకోడీలు, శర్బతు ముందు పెట్టుకుని కూర్చున్నాం. పక్కింటి కుముదిని దీదీ ఏదో చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను గాని ఒక్క ముక్క చెవికెక్కలేదు.

చాలాసేపు బాగానే గడిచింది. ఆ తర్వాత బావగారు గ్లాసు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి, అడుగు కాస్త తూలుతోంది. ఇంకో గ్లాసు తీసుకుని, తన గ్లాసులోది సగం అందులో ఒంపి మా ఆయన ముందు చాపారు. బ్యాండు వాళ్లు అప్పుడే ఆపారు గనక ఆయన మాట మా దాకా వినబడింది.

"ఆకరి రోజురా ఇది నాకు. మొదటిది నా చేత్తోనే ఇచ్చేను నీకు. ఇదీ నా చేత్తోనే పుచ్చుకో. ఒక్క గుక్క."

మా ఆయన చెయ్యి ముందుకి వచ్చింది. గ్లాసు అందుకుంది. అంతవరకే చూశాను. జనం దగ్గరికి జరగడంతో వీపులు అడ్డం వచ్చేశాయి.

నేను లేచాను. మాకూ కౌంటరుకీ మధ్య ఆడవాళ్లెవరూ దాటని ఖాళీ జాగా. అప్పయమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. ఆపుతుందనుకున్నాను. "ఎల్లు" అని వదిలేసింది. అంతమంది మగవాళ్ల మధ్యనుంచి నడిచాను. దారి ఇచ్చారో, నేనే తోసుకున్నానో గుర్తులేదు. కౌంటరు చివర తిరిగి మా ఆయన నిలబడ్డ వైపుకి వచ్చాను.

గ్లాసు బావగారి ముందే ఉంది, ఒంపింది ఒంపినట్టే. మా ఆయన పక్కనున్న మనిషికి సోడా పోస్తున్నారు. నేను రాకముందే అయిపోయింది అంతా. బావగారు నన్ను చూసి, "ఒద్దన్నాడమ్మా నన్ను" అన్నారు, పసిపిల్లాడు తల్లితో చెప్పుకున్నట్టు.

అప్పుడు చూశాను. ఇవతల నిలబడితేనే కనబడుతుంది అది. ఆయన కుడిచెయ్యి సోడా పోస్తోంది. ఎడమచెయ్యి మాత్రం చెక్క అంచుని కిందనుంచి, కుదుపుల బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడిపోయాయి.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఐసు అయిపోతంది. ఆ బకెట్టు ఇలాగియ్యి" అన్నారు.

ఇచ్చాను. ఇచ్చాక తిరిగి వెళ్లిపోవచ్చు. అవతల వరసలో నిలబడ్డవాళ్లందరూ నన్నే చూస్తున్నారు, మా మరిది వరసవాళ్లూ, ఛాయ స్నేహితురాళ్ల నాన్నలూ. వాళ్లలో ఒకతను మొహమాటంగా, "సోడా కొంచెం ఎక్కువ కొట్టండొదినా" అన్నాడు. సీసా తీసుకుని పోశాను. ఆయన ఇంట్లో దాచినవి పట్టుకుని ఎన్నో సీసాలు కాలవలో ఒంపాను గాని, గ్లాసులో పోయడం అదే మొదటిసారి. కొంత ఒలికింది. చెక్క మీద ముత్యంలా నిలబడింది, ఇంకలేదు. ఆయన పాత గుడ్డతో తుడిచారు. ఆయన పోస్తుంటే నేను ఐసు వేస్తూ, వరస తరిగే దాకా అక్కడే ఉన్నాను. మధ్యమధ్య ఆయన మోచెయ్యి నాకు తగులుతుండేది. కొంతసేపటికి ఆయన ఎడమచెయ్యి చెక్క అంచు వదిలింది.

ఆ తర్వాత కొన్నాళ్లు సెక్టర్లో నా గురించి చాలా అనుకున్నారు. నరసింగరావు పెళ్లాం మందు పోసిందని. కుముదిని దీదీ నా మొహం మీదే అడిగింది, అదేం పని అని. నేను నవ్వేశాను.

వానలు పడకముందే బావగారూ అప్పయమ్మక్కా వెళ్లిపోయారు. దుర్గ్ స్టేషనుకి వెళ్లాం. బావగారు మా ఆయన్ని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పబోయారు. ఈయన వినకుండా ట్రంకుపెట్టెలు సీట్ల కిందకి తోసి, గొలుసు వేసి, తాళంచెవి బావగారి జేబులో పెట్టారు. అప్పయమ్మక్క కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు. రైలు కదిలాక కూడా కొంచెం దూరం అలాగే నడిచాను.

కౌంటరు మా దగ్గరే ఉండిపోయింది. ఆ వానాకాలమంతా ఎవరింట్లో బారసాలైనా, నిశ్చితార్థమైనా వచ్చి మోసుకెళ్లేవారు. దాంతోపాటు మమ్మల్నీ పిలిచేవారు, ఇద్దర్నీ. కొన్నింటికి వెళ్లేవాళ్లం. కొన్నిసార్లు ఆయనే, ఈపాలికి నాను రాలేను, బల్ల పట్టుకెల్లండి అనేవారు. ఎందుకని నేను అడిగేదాన్ని కాదు. ఆయన ఆ రోజు పెందలాడే పడుకునేవారు.

చలికాలంలో శ్రీకాకుళంలో మా అత్తగారు పోయారు. ఛాయ కాలేజీ పరీక్షల మధ్యలో ఉంది, దాన్ని వదలడానికి లేక ఆయన ఒక్కరే వెళ్లారు. అక్కడ అన్నదమ్ములు, మేనమామలు, ఏడుపులు, ఆపైన తాగుడు. ఎవరూ ఆయన్ని ఆపేవాళ్లు కారు. ఎవరూ నాకు చెప్పేవాళ్లు కూడా కారు.

తిరిగి వచ్చిన రోజు పొద్దున్న తలుపు తీస్తే గుండు మీద తువ్వాలుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. చిక్కిపోయారు. చేతిలో సంచీ కింద పెట్టకుండానే చెప్పారు.

"మజ్జిలో రెండ్రోజులు తాగీసేను హైమా. తరవాత మానీసేను. నీకు సెప్పకుండా లోపలికి రాకూడదనుకున్నాను."

నా భయం ఎక్కడికీ పోలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అతనేమంటాడో వినాలి. కాని ఆ మాట నేను వెతికి పట్టుకున్నది కాదు. ఎవరూ అడక్కుండా ఆయన తనంతట తాను అంతదూరం నుంచి మోసుకొచ్చి నాకిచ్చారు.

ఆయన చేతిలో సంచీ అందుకున్నాను.

"నీళ్లు కాగాయి. స్నానం చేసి రండి" అన్నాను.